కందకం దాటే బండి

"అది ఇంట్లో పెట్టుకుంటే పేలదని ఎవరు చెప్పినారు నీకు?" అంది కామమ్మ.

అప్పటికి ఆ కరెంటు బండ్లు ఇంకా రానే లేదు. ఆత్మకూరు నుంచి వ్యాను బయలుదేరిందని ఫోనొచ్చి గంట కూడా కాలేదు. నిరోష వాకిట్లో బండ్లు నిలబెట్టడానికి చోటు చేస్తూ గులకరాళ్ళు పక్కకు ఊడుస్తోంది. కామమ్మ వసారాలో మిషను ముందు కూర్చుని మాత్రల సంచులు కుడుతోంది. అరచేతిలో ఇమిడే గుడ్డ సంచులవి. పొద్దున మింగే మాత్రల సంచికి మూతి చుట్టూ తెల్లదారం, రాత్రి మింగే వాటికి నల్లదారం. కొండ అవతల మూడు పల్లెల్లో బీపీకీ షుగరుకీ మందులు వాడే ముసలివాళ్ళలో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు లేరు. దారం రంగు చూసే వాళ్ళు మందు మింగుతారు.

"పేలేదైతే వాళ్ళు మనకెందుకిస్తారమ్మా?" అంది నిరోష తల ఎత్తకుండానే.

"ఇచ్చేవాళ్ళ ఇంట్లో పేలదులే. పేలితే మనింట్లోనే పేలతాది."

పక్కింటి సీతమ్మ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి వింటోంది. "ఉన్నమాటే అంటా ఉండాది మీ అమ్మ. దుత్తలూరులో మా తమ్ముడి వియ్యపురాలింట్లో కరెంటు స్కూటరు బ్యాటరీ అంటుకోని గోడంతా మాడిపోయింది. ఇప్పటికీ సున్నం నిలవదంట ఆ గోడకి."

"మనిషికేమన్నా అయిందా అవ్వా?"

"మనిషికేం కాలా. కోడి చచ్చిపోయింది."

నిరోష నవ్వింది. కామమ్మకు నవ్వు రాలేదు. కోడి ఉన్నచోట మనిషి పడుకుని ఉంటేనో, అనుకుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కామమ్మ కీడెంచి, అక్కడే ఆగిపోయే మనిషి. కూతురు ఏడాదిన్నర కిందట ఆత్మకూరు ట్రస్టులో పల్లెలకు మందులు మోసే పనికి చేరి కొండ రూటు తీసుకున్న కొత్తలో ఆమెకు రోజంతా గుండె దడగా ఉండేది. రోజూ దడ పడీ పడీ గుండెకే విసుగు పుట్టిందేమో, ఇప్పుడు దడ లేదు. రొమ్ము మీద ఇటుక పెట్టినట్టు ఒక మొద్దుబరువు, అంతే. నిరోష కొండకు వెళ్ళిన రోజు పులుసులో ఉప్పు వేసిందీ లేనిదీ నాలుకకు తెలియదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి.

వ్యాను పదకొండింటికి వచ్చింది. దాంట్లో నుంచి రమేష్‌బాబు ముందు దిగాడు. ఆత్మకూరు ఆఫీసులో మందుల పంపిణీ అంతా చూసేది ఆయనే. వెనకాలే డేవిడ్‌రాజు దిగి, రెండు సైకిళ్ళను కిందికి దించాడు. అతను దుత్తలూరు వైపు మెట్టపల్లెలకు మందులు మోస్తాడు. మనిషి తాటిచెట్టంత ఉంటాడు.

"రెండూ కొండల మీద తిరిగే కరెంటు సైకిళ్ళేనమ్మా," అన్నాడు రమేష్‌బాబు కామమ్మకు కూడా వినిపించేట్టు. "ఇది తేలికది. పదిహేడు కేజీలు. మోటారు చిన్నది, బ్యాటరీ చిన్నది. మనం తొక్కతా ఉంటేనే సాయం చేస్తాది. ఇదేమో ఫుల్ పవర్. ఇరవై ఐదు కేజీలు. ఎక్కి కూర్చోని అట్టా కాలు ఆనిస్తే చాలు, వెనకనుంచి ఎవరో తోస్తా ఉన్నట్టు పోతాది. ఎంత ఏటవాలైనా సరే."

"లావుబండి," అంది సీతమ్మ గోడ మీద నుంచి.

ఆ పేరే నిలిచిపోయింది. తేలికబండి, లావుబండి.

రమేష్‌బాబు చెప్పిన సంగతి ఇది. బండ్లు ఇస్తున్న దాతలు ఆరు ఇస్తారు. కానీ ఆరూ ఒకటే రకం. రెండు రకాలు తెప్పిస్తే రెండు రకాల సామాన్లు కావాలి, బాగుచేసేవాడికి రెండు రకాల పని నేర్పాలి. అందుకని ఈ వారం అందరూ రెండూ తొక్కి చూడాలి. శనివారం ఆత్మకూరులో మీటింగు పెట్టి ఏదో ఒకటి తేల్చాలి. సోమవారం ఈ రెండు బండ్లూ వెనక్కి పోతాయి.

"లావుది తొక్కలేమనే వాళ్ళెవరన్నా ఉంటే దిగులు పడబళ్ళా," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "ఆఫీసులో మందులు ప్యాకింగు చేసే పని ఖాళీగా ఉండాది. ఫ్యాను కింద కూర్చోని చేసుకునే పని."

కామమ్మ కాలు మిషను తొక్కుడు మీద ఆగింది. ఫ్యాను కింద. నాలుగు గోడల మధ్య. పొద్దున బస్సెక్కి పోయి, పొద్దుగుంకేలోపు బస్సెక్కి వచ్చే పని. ఏడాదిన్నరగా ఆమె ఏ దేవుడికి మొక్కినా మొక్కింది ఇదే.

నిరోష మాత్రం ఆ మాట విననట్టే ఉంది. తేలికబండిని నడుము దగ్గర పట్టి ఒక్కసారి పైకెత్తింది, దించింది. తరువాత లావుబండిని పట్టుకుంది. అది మోకాలి ఎత్తు దాకా లేచి, మళ్ళీ నేలకు దిగింది.

"ఎత్తేదెందుకు నిరోషా, తొక్కేదానికి కదా అది," అన్నాడు రమేష్‌బాబు.

"కందకం ఉండాది సార్," అంది నిరోష.

ఆయన అప్పటికే వ్యాను వైపు నడుస్తున్నాడు.

*

మంగళవారం నిరోషకు లావుబండి వంతు, డేవిడ్‌రాజుకు తేలికది. నిరోష మందుల సంచి వీపుకు తగిలించుకుని ఏడు గంటలకు బయలుదేరింది. వీధి చివర దుర్గం కొండ వైపు మలుపు దగ్గర ఎత్తు మొదలవుతుంది. మామూలు సైకిలు మీద ఆ ఎత్తు దగ్గర నిరోష సీటు మీద నుంచి లేచి, ఒక్కో తొక్కుడుకూ భుజాలు ఊపుకుంటూ ఎక్కేది. ఇవాళ కూర్చున్నది కూర్చున్నట్టే ఎక్కిపోయింది. చూస్తున్న సీతమ్మ నోటి మీద వేలేసుకుంది. కామమ్మకు మాత్రం బిడ్డను ఎవరో ఎగరేసుకుపోతున్నట్టనిపించింది.

పొద్దుగుంకితే గానీ రాదనుకున్న మనిషి నాలుగింటికే వచ్చింది. కుడికాలు మోకాటి కింద జానెడు మేర చర్మం లేచిపోయి ఉంది. కామమ్మ లోపలికి పోయింది. పసుపు, కొబ్బరినూనె గిన్నెలో కలిపి తెచ్చింది. నిరోష అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని, మంట పుట్టినప్పుడల్లా గాలి లోపలికి పీలుస్తూ తనే చెప్పింది.

కొండ పాదం దాకా బండి గాలిలో పోయినట్టు పోయింది. ఆ తరువాత అడవి సరిహద్దు వెంట పశువులు లోపలికి పోకుండా తవ్విన కందకం వస్తుంది. నిలువు మనిషి లోతు. అటూ ఇటూ మట్టిలో కోసిన మెట్లున్నాయి. ఇంజను బండ్లను దాని అవతలికి పోనివ్వరు, పోయే దారీ లేదు. ఇంతకాలం నిరోష సైకిలును ఇవతల తుమ్మచెట్టుకు గొలుసు వేసి, అవతల మూడు పల్లెలకూ నడిచే పోయేది. ఈతమానుగుంట, చింతలబోడు, నల్లబండ. నడిచి పోయి రావడానికి రెండు రోజులు పడుతుంది. బండి కందకం దాటితే ఒక్కరోజు పని. ట్రస్టువాళ్ళు బండ్లు తెప్పిస్తున్నది కూడా అందుకే.

"కిందికి దించినాను. దించడం దిగింది. పైకెక్కలా. రెండో మెట్టు మీద జారి నా మీదే పడింది. బండి కింద కాలు ఇరుక్కోని అట్టే కూర్చున్నాను."

"ఎంతసేపు?"

"మేకలాయన వచ్చేదాకా."

"ఆయన రాకపోతే?"

నిరోష కాలు కొంచెం వెనక్కి లాక్కుంది. "ఆయనొచ్చి ఒక చెయ్యి పట్టినాడు, పైకి తెచ్చినాం. ఈతమానుగుంట ఒక్కటే పోయినాను. వచ్చేటప్పుడు ఆయన ఉంటాడో ఉండడోనని తొందరగా తిరిగొచ్చినా," అంది.

కామమ్మ పసుపు పూయడం అయిపోయాక కూడా వేలు గాయం అంచునే తిప్పుతూ ఉండిపోయింది. ఆమెకు ఏడుపు రాలేదు. బండి కింద కాలు ఇరుక్కుని, చుట్టూ మనిషన్నవాడు లేకుండా, మట్టిగోడల మధ్య కూర్చున్న కూతురు కళ్ళముందు కనబడుతోంది. ఎన్నోసార్లు ఊహించుకున్న బొమ్మే అది. నిజమయ్యాక కొత్తగా అనిపించలేదు.

*

బుధవారం సాయంత్రం డేవిడ్‌రాజు తేలికబండి తెచ్చి ఇచ్చి, లావుబండి తీసుకోవడానికి వచ్చాడు. వస్తూనే మంచినీళ్ళడిగి చెంబెత్తి గటగటా తాగాడు.

"దీని తస్సాదియ్యా, ఇది ఆడోళ్ళ బండి అక్కా," అన్నాడు కామమ్మతో. "నా బరువుకి అది నన్ను మోసేది లేదు, నేనే దాన్ని మోసినట్టుండాది. నలభై కిలోమీటర్లు తిరిగేసరికి బ్యాటరీ తెల్లమొహం వేసింది."

"నీకు బండి కాదన్నా, ఏనుగు కావాల," అంది నిరోష.

"ఇప్పిస్తే వద్దంటానా? మీ రమేష్‌బాబు సార్‌ని అడుగు, ఏనుగు తేలికదా ఫుల్ పవరా అంటాడు."

అందరూ నవ్వారు. అతను లావుబండి ఎక్కుతూ నిరోష కాలి వైపు చూసి నవ్వు ఆపాడు. "కందకం దగ్గరేనా?" అని అడిగాడు. నిరోష తలూపింది. "నా రూటులో గుంట కూడా లేదు. నాకు ఇదే బాగుంటాది. ఉన్నమాట చెప్తా ఉండా, కోపం పెట్టుకోబాక," అన్నాడు.

"నువ్వు నీ రూటు గురించి చెప్పు, నేను నా రూటు గురించి చెప్తాను. దాంట్లో కోపమెందుకన్నా?"

అతను వెళ్ళాక నిరోష తేలికబండిని వసారాలోకి తెచ్చి, మిషను వెనక ఉన్న ప్లగ్గులో ఛార్జరు గుచ్చి స్విచ్చి వేసింది. ఇటుకరాయంత నల్లడబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. నిండితే పచ్చలైటు వస్తుందని, నాలుగైదు గంటలు పడుతుందని తల్లికి చెప్పింది. ఆత్మకూరు బస్సులో మందుల పెట్టె వస్తోంది, తెచ్చుకోవడానికి బస్టాండుకు వెళ్ళింది.

ఆమె వెళ్ళిన కాసేపటికి గాలి లేచింది. దుర్గం మీద మబ్బు పట్టింది. కరెంటు ఒకసారి పోయి వచ్చింది, మళ్ళీ పోయి వచ్చింది. వచ్చినప్పుడల్లా బల్బు కళ్ళు చెదిరేట్టు వెలిగి తగ్గుతోంది. కామమ్మ కుట్టడం ఆపి నల్లడబ్బా వైపు చూసింది. లేచి వెళ్ళి వేలి కొసతో తాకింది. వెచ్చగా ఉంది. ఈసారి అరచెయ్యి ఆనించింది. వెచ్చగా కాదు, వేడిగానే ఉందనిపించింది. పైన దండెం మీద చీరలున్నాయి. పక్కన గుడ్డముక్కల మూట ఉంది. దుత్తలూరు గోడ గుర్తొచ్చింది. ఇంకోసారి కరెంటు పోయింది. ఆ చీకట్లోనే ఆమె స్విచ్చి కట్టేసి, వైరు పట్టి లాగేసింది. కరెంటు వచ్చాక చూస్తే చేతిలో వైరు ఉంది, డబ్బా మీద లైటు లేదు. హమ్మయ్య అనిపించింది. బిడ్డ రాగానే చెబుదాం, మబ్బు విడిచాక మళ్ళీ పెట్టుకుంటుంది అనుకుంది.

నిరోష తడిసి వచ్చింది. పెట్టె తడవకుండా చున్నీ దానికి చుట్టి, తను తడిసింది. తల తుడుచుకుని పెట్టె విప్పి, మాత్రల అట్టలు కత్తిరించి ఒక్కొక్కరి పేరు పైకి చదువుకుంటూ సంచుల్లో వేస్తూ కూర్చుంది. కామమ్మ సంచుల మూతులు బిగించి ఇస్తోంది. చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే మళ్ళీ పెడుతుంది. పెడితే అది ఇంట్లో వేడెక్కుతూ ఉంటుంది. ఇంకొంచెం ఆగి చెబుదాం అనుకుంది. నిరోష అన్నం తిని, కాలు నొప్పికి మాత్ర వేసుకుని, పడుకున్నది పడుకున్నట్టే నిద్రపోయింది.

తెల్లవారుతుండగా కామమ్మ లేచి, కళ్ళాపి కూడా చల్లకముందే పోయి వైరు గుచ్చి స్విచ్చి వేసింది. ఎర్రలైటు వెలిగింది. సెల్‌ఫోను అరగంట పెడితే పూటంతా వస్తుంది, ఇది మాత్రం ఎక్కకపోతుందా అనుకుంది.

"ఇంకా ఎర్రదే ఉండాదేంది?" అంది నిరోష బండి దగ్గర వంగి. "రాత్రంతా ఎక్కింది కదా. ఐదు గీతల్లో రెండే చూపిస్తా ఉండాది."

కామమ్మ టీ వడపోస్తోంది. గ్లాసు నిండింది. నిండాక కూడా ఇంకొంచెం పోసింది. టీ గట్టు మీదికి పారింది.

"వీళ్ళ బ్యాటరీకేమన్నా రోగమేమో," అంది నిరోష తనలో తానే. ఈరోజు తప్పితే ఈ బండిని కొండకు తీసుకుపోయే రోజు లేదు. రేపు పొద్దున్నే ఇంకొకరు వచ్చి తీసుకుపోతారు. మందుల సంచి వీపుకు తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు కామమ్మ సీతమ్మ రవికెలు రెండు కుట్టింది. ఒకదానికి రెండు చేతులూ ఒకే వైపువి అతికించింది. చూసుకుని కుట్లు విప్పి, మళ్ళీ అతికించింది. మళ్ళీ అట్లానే అతికించిందని సాయంత్రానికి తెలిసింది.

నిరోష ఆరింటికి వచ్చింది. చెమటకు జుట్టంతా నుదుటికి అంటుకుపోయి ఉంది. కుడి భుజం మీద బండి కడ్డీ ఒత్తుకున్న చోట ఎర్రటి చార. కానీ మొహంలో కామమ్మ చాలాకాలంగా చూడని వెలుగేదో ఉంది.

"దాటేసినానమ్మా. భుజానికెత్తుకోని, దిగి, ఎక్కేసినాను. ఎవరి కోసం కూర్చోలా. మూడు పల్లెలూ ఒక్కరోజులో తిరిగినాను. నల్లబండ లిదియమ్మవ్వ అయితే, ఏందిమే, రేపు గానీ రావనుకుంటే ఇయ్యాలే వచ్చినావే అని ఒకటే నవ్వు."

"బ్యాటరీ?" కామమ్మ గొంతు తనకే వినబడలేదు.

"నల్లబండ దగ్గర అయిపోయింది. తొక్కుకుంటా వచ్చినా. మోటారు లేకపోయినా తొక్కతానే ఉండొచ్చు దీన్ని, మామూలు సైకిల్లాగే. అదే లావుబండి అయితే అక్కడే పారేసి రావాల."

ఆ వెలుగు ఫోను మోగేదాకా ఉంది. రమేష్‌బాబు ఫోను. నిరోష దాచుకోకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల ఆయన గొంతు వసారా దాకా వినిపించింది. "తొక్కుకుంటా వచ్చేదానికి కరెంటు సైకిలు ఎందుకమ్మా? ఛార్జింగు పెట్టడం మర్చిపోయినావు, అంతే కదా. నాకు తెలీదా?"

"పెట్టినాను సార్. నిన్న సాయంత్రం ఐదింటికే పెట్టినాను."

"పెడితే ఎక్కకుండా యాడికి పోతాది కరెంటు?"

ఫోను పెట్టేశాక నిరోష కాసేపు ప్లగ్గు వైపు చూస్తూ నిలబడింది. తరువాత తల్లి వైపు తిరిగింది.

"అమ్మా. నేను బస్టాండుకి పోయినాక వైరు ఎవరన్నా తీసినారా?"

కామమ్మ మిషను తొక్కింది. సూదిలో దారం లేదు. ఉత్త సూది గుడ్డలో దిగి లేస్తోంది, దిగి లేస్తోంది. అడిగిన ప్రశ్న వినబడింది. జవాబూ నోట్లోనే ఉంది. తీసినానని చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. తేలికబండి బాగానే ఉన్నట్టు. బిడ్డ మళ్ళీ కొండకు పోయినట్టు. ఇప్పుడు రెండురోజులు నడిచే దారిలో, రేపటి నుంచి బండి భుజాన వేసుకుని ఆ మట్టిమెట్లు దిగి ఎక్కుతుంది. చెప్పకపోతే ఫ్యాను కింద కుర్చీ. ఆమె తలెత్తలేదు.

నిరోష ఇంకోసారి అడగలేదు.

*

శుక్రవారం బండి లేదు. మందులు ఇచ్చే పనీ లేదు. నిరోష ఇల్లంతా తిరుగుతూ, తిరిగి తిరిగి ప్లగ్గు దగ్గరికే వచ్చింది. ఒకసారి సెల్‌ఫోను ఛార్జరు చేత్తో పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇట్టా వంగినాను. ఇట్టా గుచ్చినాను. స్విచ్చి..." అని ఆగింది. వేలు స్విచ్చి మీద పెట్టి తీసింది. "స్విచ్చి వేసినానా?"

కామమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. రాళ్ళు లేవు. అయినా వేళ్ళు ఏరుతూనే ఉన్నాయి.

"ఎర్రలైటు చూసినట్టే గుర్తుండాది," అంది నిరోష. "పొద్దున చూసింది గుర్తుకొస్తా ఉండాదో, సాయంత్రం చూసిందో మరి. నాకే తెలియడంలా."

"పోనీలే పాపా," అంది కామమ్మ. రోజంతటికీ ఆమె అన్న మాట అదే. "ఆఫీసులో పనైతే నీడపట్టున ఉంటావు."

నిరోష తల్లి మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే కామమ్మకు తేలికగా ఉండేది. నిరోష లేచి పెరట్లోకి పోయి, బట్టలు ఉతికింది. ఉతికినవే మళ్ళీ ఉతికింది.

శనివారం ఇద్దరూ పొద్దున్నే ఆత్మకూరు బస్సెక్కారు. కుట్టిన సంచులు నెలకొకసారి ఆఫీసులో ఇచ్చి రావడం కామమ్మకు అలవాటే. బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీ పక్కన చోటు దొరికితే నిరోష తల్లిని కూర్చోబెట్టి, తను కడ్డీ పట్టుకుని నిలబడింది. కుదిపినప్పుడల్లా కడ్డీ మీదికి ఎడమ చెయ్యి మార్చుకుంటోంది. కుడిభుజం ఇంకా నొప్పిగా ఉన్నట్టుంది. కామమ్మ చూసింది. చూసి కిటికీ వైపు తిరిగింది. బీళ్ళు, నిమ్మతోటలు, మళ్ళీ బీళ్ళు పోతున్నాయి. ఏదీ కంటికి ఆనలేదు.

ఆఫీసంటే మందుల బీరువాలు, పొడుగాటి బల్ల, పది ప్లాస్టిక్ కుర్చీలు. బల్ల చివర ప్యాకింగు చేసే చోటు. దాని మీద ఫ్యాను నిజంగానే తిరుగుతోంది. కామమ్మ ఆ కుర్చీనే చూస్తూ నిలబడింది. కూర్చునేచోట మెత్తటి దిండు కూడా వేసి ఉంది.

రమేష్‌బాబు మంచి హుషారుగా ఉన్నాడు. నిన్న లావుబండి తనే స్వయంగా తొక్కానన్నాడు. సంగం దాకా పోయి, పెన్న బ్యారేజి మీద ఒక చుట్టు చుట్టి వచ్చాడట. "ఎదురుగాలి అసలు తెలియలా. పడవ మీద పోయినట్టుండింది. నా మార్కులు కూడా వేసినాను," అని, తొక్కినవాళ్ళంతా బండ్లకు మార్కులు వేయాల్సిన కాగితం చూపించాడు.

"తారు రోడ్డు మీద తొక్కి కొండబండికి మార్కులేంది సార్?" అన్నాడు డేవిడ్‌రాజు.

"నీ కాగితంలో కూడా లావుబండే కదయ్యా రాసినావు."

"రాసినాను. నా రూటుకి రాసినాను. మెట్టదారి, ఎత్తాల్సిన పని లేదు, పొడుగు దారి. కొండకి అదెట్టా పనికొస్తాది?"

"కొండ రూటు నీకిద్దామనే అనుకుంటా ఉండా. నీకు బలముండాది, ఎత్తగలవు."

డేవిడ్‌రాజు కుర్చీలో వెనక్కి వాలినవాడు ముందుకు వచ్చాడు. "నేనా? ఆ ముసలోళ్ళు నన్ను చూస్తే తలుపేసుకుంటారు సార్. ఏ మాత్ర ఎవరికో, ఎవరు మింగుతారో, ఎవరు దిండుకింద దాస్తారో, అంతా ఈ పాపకి తెలుసు. నాకేం తెలుసు?"

"నేర్చుకుంటావులే." రమేష్‌బాబు ఇంకో కాగితం నిరోష ముందుకు జరిపాడు. ఆయన గొంతులో కఠినం లేదు. పని తొందరగా తెమలాలన్నట్టుంది, అంతే. "చూడు నిరోషా. తేలికబండి దారిలో ఆగిపోయింది. ఎందుకాగిందో కారణం రాయాల. బండిలో లోపమని రాస్తే పంపినవాళ్ళకి కోపం. అందుకని 'ఛార్జింగు పెట్టడం మరిచిపోయినాను' అని రాసినాను. సంతకం చెయ్యి, అయిపోతాది. నిన్నెవరూ ఏమీ అనరు. సోమవారం నుంచి ఇక్కడ కూర్చోని పని చేసుకో."

"పెట్టినాను సార్," అంది నిరోష. గురువారం ఫోనులో అన్నప్పటి గట్టిదనం ఇప్పుడు ఆ గొంతులో లేదు.

"పెడితే ఎందుకెక్కలా?"

నిరోష కాగితం అంచు వేలితో మడిచింది.

"బండ్లు పంపినవాళ్ళే రాసినారు ఇక్కడ. బయటి కారణం ఏదన్నా ఉంటే, కరెంటు పోవడమో, ఎవరన్నా వైరు కదిలించడమో, అట్టాంటిదుంటే రేపు ఇంకోసారి నిండా ఛార్జింగు పెట్టి, అదే దారిలో తిప్పి చూడమన్నారు. నాకేం అభ్యంతరం లేదు. అట్టాంటిదేమన్నా జరిగిందా?"

బయట బస్సొకటి హారను కొట్టుకుంటూ పోయింది. డేవిడ్‌రాజు నిరోష వైపు చూశాడు. నిరోష కాగితం వైపు చూస్తోంది. కామమ్మ ఒడిలో సంచుల మూట పెట్టుకుని గోడవారగా కూర్చుని ఉంది. వేళ్ళు మూట ముడి మీద ఉన్నాయి. ముడి విప్పలేదు, బిగించలేదు.

"తెలియదు సార్," అంది నిరోష. "పెట్టినాననే అనుకున్నాను. ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడంలా. మర్చిపోయే ఉంటాను."

కలం తీసుకుంది. కలం మూత తీయడానికి కుడిచెయ్యి ఎత్తబోయి, భుజం సలిపినట్టుంది, మూత పళ్ళతో లాగింది.

మర్చిపోయే ఉంటానన్న ఆ మాట కామమ్మ రొమ్ము మీది ఇటుక కిందికి ఎట్లా దూరిందో దూరింది. బిడ్డ కొండ మీద పడటం ఆమె వెయ్యిసార్లు ఊహించుకుంది. పాము కరవడం, ఎలుగుబంటి తరమడం, వాగులో కొట్టుకుపోవడం, ఒకటేమిటి, ఆమె ఊహించని కీడు లేదు. తన చెయ్యి చేసిన పనిని తన చెయ్యి చేసిందో లేదో తెలియక బిడ్డ ఇట్లా తల వంచుకుని కూర్చోవడం మాత్రం ఎప్పుడూ ఆమె ఊహలోకి రాలేదు. ఇది కొండ చేసింది కాదు.

నిరోష కాగితం మీద మొదటి అక్షరం పెట్టింది.

"పాపా."

అందరూ ఇటు తిరిగారు. ఆ గొంతు అంత పెద్దగా వస్తుందని కామమ్మే అనుకోలేదు.

"ఏందమ్మా?" అన్నాడు రమేష్‌బాబు.

కామమ్మ ఆయన వైపు చూడలేదు. కూతురి వైపే చూసింది. మూట ఒడిలోంచి జారి నేల మీద పడింది. తీసుకోలేదు. నిరోష కలం ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తోంది. గురువారం సాయంత్రం అడిగి ఊరుకున్నప్పుడు ఎట్లా చూసిందో, ఇప్పుడూ అట్లానే చూస్తోంది.

"నువ్వు పెట్టినావు," అంది కామమ్మ. "స్విచ్చి వేసినావు. ఎర్రలైటు వెలిగింది. నేను చూసినాను. వైరు తీసింది నేనే నిరోషా."